వెళ్లొస్తానన్న కాజాల బాబాయి

జూలై తొమ్మిదో తారీకు. ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో అన్నంలోకి బంగాళదుంప వేపుడు, పలచటి మజ్జిగ. వేపుడు అడుగంటింది. మాడలేదు, ఎర్రగా వేగిందంతేనని అమ్మ వాదించింది. నాన్న నల్లటి ముక్కలన్నీ ఏరి తన కంచంలో వేసుకుని, తనకు అవే ఇష్టమన్నాడు. ఇవన్నీ వాళ్లమ్మాయి బొత్తాంకు ఇంత బాగా గుర్తుండిపోవడానికి కారణం వేపుడు కాదు. కంచాలు తీయకముందే బస్సు కండక్టరు కొట్టులోకి వచ్చాడు. పలకరింపు లేదు, ఏమీ లేదు. వెనక్కి తిరిగి నిలబడి, "మాస్టారూ, నా వీపు చూడండి" అన్నాడు.

చూశారు. కొత్త చొక్కా. రెండు రెక్కల మధ్య, సరిగ్గా వెన్నుపూస మీద, నీటుగా కుట్టిన కాజా ఒకటి ఉంది. దానికి పట్టడానికి బొత్తాం మాత్రం ఎక్కడా లేదు.

"గాలి కోసం పెట్టారా?" అన్నాడు కండక్టరు. "ముందే అడిగితే చెప్పేవాణ్ణిగా, నాకంత ఉక్కపోయదని. పొద్దున్నుంచీ బస్సులో ప్రతివాడూ అందులో వేలు పెట్టి చూసేవాడే. టికెట్టు తీసుకోమంటే వేలు తియ్యరు."

బొత్తాం తెర చాటుకు పరుగెత్తి నోట్లో కొంగు కుక్కుకుంది. కొంగు అమ్మది. నాన్న మాత్రం నవ్వలేదు. చొక్కా విప్పించి, వెలుగులోకి పట్టుకుని, ఆ కాజాను బొటనవేలితో మెల్లగా తడిమి చూశాడు. ఆయన మొహం పాలిపోయింది.

వీధి వైపు గది కొట్టు. వెనక రెండు గదులు ఇల్లు. మధ్యలో తలుపుకు బదులు, మిగిలిపోయిన లైనింగు గుడ్డలతో అతుకులేసి కుట్టిన తెర. నాన్నను అందరూ మాస్టారనే పిలుస్తారు. అమ్మ మధ్యాహ్నం దాకా ఆసుపత్రిలో చీటీలిచ్చే కిటికీ వెనక కూర్చుంటుంది. తర్వాత ఇంటికొచ్చి, ఇంట్లోవాళ్లతో కూడా కిటికీ వెనక నుంచి మాట్లాడినట్టే మాట్లాడుతుంది. ఇక బొత్తాం అసలు పేరు బడి రిజిస్టరులో ఉంది గాని వాడుకలో లేదు. పాకే వయసులో ఒక కోటు బొత్తాం మింగేసింది. అది బయటికి వచ్చిందో లేదో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. పేరు మాత్రం పిల్లకు అతుక్కుపోయింది. ఇప్పుడు పదహారేళ్లు.

ఆ కొట్టులో కాజాలు మిషను మీద కుట్టరు. బొత్తాం దూర్చే చీలిక చుట్టూ సూదితో, దారంతో, చేత్తోనే అల్లుతారు. బొత్తాం పుట్టకముందు నుంచీ ఆ పని చేసినవాడు కాజాల బాబాయి. కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చునేవాడు. ఆయన ఎండాకాలం మొదట్లో ఒక రాత్రి నిద్రలోనే పోయాడు. నాన్న వేరే మనిషిని పెట్టుకోలేదు. "చూద్దాం, చూద్దాం" అంటూ తనే కుడుతున్నాడు.

కొన్నాళ్లుగా ఒక వింత జరుగుతోంది. భోజనానికి లేచేటప్పుడు పక్కన పెట్టిన చొక్కాలకు, తిరిగొచ్చేసరికి కాజాలు పూర్తయి ఉంటున్నాయి. నాన్న అది కూతురి పనే అనుకున్నాడు. "చెయ్యి తిరిగిందే తల్లీ" అని మెచ్చుకున్నాడు. బొత్తాం మాత్రం, అమ్మ కుట్టిందేమో అనుకుంది. అయినా ఊరికే వస్తున్న మెచ్చుకోలును వద్దనడం ఆ పిల్లకు చేతకాదు. తల వంచుకుని, పాదం వైపు చూస్తూ, అన్నీ స్వీకరించింది.

కండక్టరు వీపు చూశాక మాత్రం నిజం చెప్పక తప్పలేదు.

"నేను కాదు నాన్నా. అంతకు ముందువి కూడా నేను కాదు."

"నేనూ కాదు" అంది అమ్మ. "నాకు సూదిలో దారం ఎక్కించడమే రాదు. పెళ్లిచూపుల్లోనే చెప్పాను."

నాన్న ఇద్దరి వైపూ చూసి, చొక్కా మడిచి పక్కన పెట్టాడు. ఆ వారంలోనే బ్యాంకు మేనేజరు ప్యాంటుకు మోకాలి మీద కాజా వచ్చింది. పళ్ల డాక్టరు తెల్లకోటుకు జేబు అడుగున వచ్చింది. ఆయన పెన్ను ఆ కంతలోంచి జారి, నోరు తెరుచుకుని పడుకున్న పేషెంటు నోట్లో పడింది. పేషెంటు అది కూడా వైద్యమే అనుకున్నాడట.

ఇవి విని వీధంతా నవ్వింది. నవ్వనిది నాన్న ఒక్కడే. ఒక సాయంత్రం తెర అవతల ఆయన అమ్మతో గొంతు తగ్గించి మాట్లాడడం బొత్తాం వింది.

"మా నాన్నకూ ఇలాగే మొదలైంది. ఏం కుట్టాడో కుట్టిన మరుక్షణం గుర్తుండేది కాదు. చివరికి ఒకరోజు టేపు పట్టుకుని నా దగ్గరికొచ్చి, రండి బాబూ, కొలతలు తీసుకుంటాను, ఎవరి తాలూకు మీరు అన్నాడు."

అమ్మ మాట్లాడలేదు. అమ్మ మాట్లాడకపోవడం ఆ ఇంట్లో పెద్ద సంఘటన.

"నేనే కుడుతున్నాను. కుట్టి మరిచిపోతున్నాను. ఇంకెవరున్నారు చెప్పు? ఇంకొకరి బట్ట పాడుచేసే చెయ్యి కత్తెర పట్టకూడదు. ఈ నెలాఖరుకు కొట్టు మూసేస్తాను."

బొత్తాం తెర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాన్న కత్తెర పట్టని రోజు ఆమె ఎరగదు. జ్వరమొచ్చినా పక్కలో పడుకుని కాగితాలు కత్తిరించే మనిషి ఆయన. ఈ కాజాలు ఎవరు కుడుతున్నారో తేల్చకపోతే, ఆయన తన బుర్ర మీద తనే తాళం వేసేసుకుంటాడు.

మర్నాడు భోజనం ఎలాగో మింగి, కడుపునొప్పని చెప్పి, కత్తిరింపు బల్ల కింద దూరింది. పైన ఇస్త్రీ పెట్టె ఇంకా వేడిగానే ఉంది. కిటికీలోంచి ఎండ ముక్కాలిపీట మీద పడుతోంది. అక్కడ ఒక చొక్కా తనంతట తనే మడత విప్పుకుని గాల్లోకి లేచింది. సూది కదిలింది. సూది వెనక వేళ్లు, వేళ్ల వెనక చెయ్యి, చెయ్యి వెనక పాత గళ్ల చొక్కా, ఆ పైన కళ్లు చికిలించుకున్న మొహం ఒక్కొక్కటే తేలి వచ్చాయి.

"బాబాయ్" అంది బొత్తాం. అరవాలనుకుంది గాని గొంతులోంచి అంతే వచ్చింది.

ఆమె కన్నా ఎక్కువగా ఆయన ఉలిక్కిపడ్డాడు. సూది వేలికి గుచ్చుకుంది. అలవాటు కొద్దీ వేలు నోట్లో పెట్టుకుని, తీసి చూసుకున్నాడు. రక్తం లేదు. కాస్త చిన్నబోయాడు.

"నేను కనబడుతున్నానా నీకు?"

"కనబడుతున్నావు."

"ఇంకెవరికీ కనబడ్డం లేదే. మొన్న మాస్టారు వచ్చి నా ఒళ్లోనే కూర్చున్నారు."

"అమ్మో. మరి?"

"కొంచెం బరువు పెరిగారు" అన్నాడు బాబాయి. కాసేపు ఆలోచించాడు. "నువ్వు మింగిన కోటు బొత్తాం ఉందే, అది నేను కుట్టాల్సింది. అదింకా లోపలే ఉన్నట్టుంది. అందుకే నీకు కనబడుతున్నాను."

బొత్తాం చెయ్యి తనకు తెలియకుండానే పొట్ట మీదికి వెళ్లింది. భయపడదామంటే కుదరడం లేదు. చిన్నప్పుడు దారపు రీలుకు మేకు గుచ్చి బొంగరం చేసిచ్చిన మనిషిని చూసి ఎలా భయపడాలో ఆ పిల్లకు తెలియలేదు. అయినా గొంతు సవరించుకుని, గట్టిగానే అడిగింది.

"నువ్వు పోయావు బాబాయ్. తెలుసా?"

"తెలీకేం? అంతమంది ఏడుస్తుంటే నాకొక్కడికే తెలీకుండా ఉంటుందా? కండక్టరు కూడా ఏడ్చాడు, పాపం. అందుకే ఆయన చొక్కాకి ఒక కాజా ఎక్కువే వేశాను."

"వీపు మీద వేశావు."

"వీపా?" బాబాయి నోరు కొంచెంసేపు తెరుచుకునే ఉంది. "ముందువైపు కాజా పట్టీ అనుకున్నానే. కళ్లజోడు లేదమ్మాయ్. మా ఆవిడ దిండు పక్కన పెట్టుకు పడుకుంటోంది. తడుముకుని, ఉందని చూసుకుని, అప్పుడు నిద్రపోతుంది. ఎలా తీసుకొస్తాను?"

బొత్తాం బల్ల కిందనుంచి బయటికి వచ్చి ఆయన ఎదురుగా గచ్చు మీద కూర్చుంది.

"అసలెందుకొస్తున్నావు?"

"నాకేం సరదానా? రమ్మని పంపించారు. పైన ఒక గుమాస్తా ఉన్నాడు. కింద ఎవరికి ఏం చెప్పి వచ్చావన్నాడు. ఇంట్లో ఏమీ చెప్పలేదండీ, నిద్రలో వచ్చేశాను, కొట్టులో మాత్రం సాయంత్రం వెళ్లొస్తా మాస్టారూ అని చెప్పానన్నాను. వెళ్లొస్తానన్నావా, అయితే వెళ్లావు, ఇంకా రావడం మిగిలింది, పోయి రా అన్నాడు."

"అది మాటవరసకి అంటారు బాబాయ్."

"అదే చెప్పాను. మాటవరసకన్నా మాటేగా అన్నాడు."

"సరే, ఒకసారి వచ్చావుగా. తీరిపోయిందిగా."

బాబాయి తల వంచుకున్నాడు. "వచ్చాను. పని చేశాను. సాయంత్రమైంది. లేచి వెళ్లేటప్పుడు నోరు ఊరుకుంటుందా? వెళ్లొస్తా మాస్టారూ అనేశాను. మళ్లీ మర్నాడు రావాల్సి వచ్చింది. రోజూ ఇదే గోల. ఆ గుమాస్తా నన్ను చూసి ఇప్పుడు తల కూడా ఎత్తడం లేదు."

ఇదన్నమాట సంగతి. బొత్తాంకు ప్రాణం లేచొచ్చింది. ఇంత చిన్న ముడి విప్పడం ఎంతసేపు అనుకుంది.

"అయితే ఈ సాయంత్రం వెళ్తాను అని చెప్పెయ్. చివర రావడం తీసెయ్."

"వెళ్తాననా? ఛ. అలా అంటారా ఎవరైనా? పోయేవాళ్లనే మాట అది."

"నువ్వు పోయావు బాబాయ్."

"అయినా బావుండదు."

బతిమాలింది. కత్తెర సంగతి మాత్రం చెప్పలేదు. చచ్చిన మనిషిని బాధపెట్టడం ఎందుకనుకుంది. ఒక్కసారి ప్రయత్నించమంది. బాబాయి వీపు నిటారు చేసి, గుండెల నిండా గాలి పీల్చి, ఆ గాలి లేదని గుర్తొచ్చి, "వెళ్..." అన్నాడు. "వెళ్తా..." అన్నాడు. "...వెళ్లొస్తా" అన్నాడు. మళ్లీ అన్నాడు. మళ్లీ అదే. పోనీ సెలవు తీసుకుంటాననమంటే, "సెలవు తీసుకుంటే మళ్లీ పన్లోకి రావాలిగా" అన్నాడు.

"చూడు, ఇందులో ఏముంది? నేను చెప్తాను విను. వెళ్తాను. అంతే. వెళ్తాను, వెళ్తాను."

"ఎక్కడికే?" అంది అమ్మ, తెర తీసి. "ఖాళీ పీటతో చెప్తున్నావా? అదేం మాట, వెళ్తానేమిటి, నోటికి మంచి మాట రాదా? వెళ్లొస్తా అను."

"వెళ్లొస్తా" అంది బొత్తాం, చచ్చినట్టు.

"చూశావా" అన్నాడు బాబాయి, ఎంతో తృప్తిగా.

ఆ సాయంత్రం ఏం జరుగుతుందో చూడాలని బొత్తాం కొట్టులోనే కూర్చుంది. పక్క సందులోకి తెరుచుకునే తలుపు దగ్గర బాబాయి చెప్పులు వెతుక్కుని, లేవని గుర్తొచ్చి, నాన్న వైపు తిరిగి "వెళ్లొస్తా మాస్టారూ" అన్నాడు. ఆ మాట నాన్నకు వినబడదు. అయినా ఆయన దీపం ఆర్పుతూ, తల ఎత్తకుండా, ముక్కాలిపీట వైపు "ఊఁ, పొద్దున్నే రా" అన్నాడు.

ఇన్నేళ్ల అలవాటు. ఆ మాట అన్నట్టు ఆయనకే తెలియదు.

"నేను మానినా ఆయన మానరు" అని బొత్తాంతో నెమ్మదిగా చెప్పి బాబాయి గడప దాటాడు.

రాత్రి అన్నం తినేటప్పుడు బొత్తాం నాన్నకు మొత్తం చెప్పింది. ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని అంతా విన్నాడు. మధ్యలో ఆపలేదు. విన్నాక ఆమె తల మీద ఎడమచెయ్యి వేశాడు.

"నా కోసం దెయ్యాన్ని కూడా పట్టుకొచ్చావా తల్లీ."

దానికన్నా తిట్టినా బావుండేది. బొత్తాం ఆ రోజు అన్నం వదిలేసింది. ఈయనకు చెప్పి లాభం లేదు, చూపించాలి. పైగా ఏది చూపించినా, అది నేనే చేసి మరిచిపోయానంటాడు. అందుకని ముందు ఆయన చేతులు కట్టెయ్యాలి.

మర్నాడు మధ్యాహ్నం వదులుగా చుట్టిన దారపు చిలప ఒకటి తెచ్చి, ఉండ చుట్టాలంటూ నాన్న రెండు చేతులకూ తగిలించింది. అమ్మ కూడా వచ్చి తెర పక్కన నిలబడింది. నాన్న చిలప తగిలించుకుని, చేతులు చాపి, చెప్పిన మాట వినే పిల్లాడిలా కూర్చున్నాడు.

"బాబాయ్, నాన్న చొక్కాకి కుట్టు. చేతి అంచుకి. నేను పట్టుకుంటాను, వీపు మీదికి పోకుండా."

సూదులు గుచ్చే దిండులోంచి సూది లేచింది. నాన్న ఎడమ మణికట్టు దగ్గర గాల్లో తచ్చాడింది. గుడ్డలోకి దిగింది. పైకి వచ్చింది. దారం మెలిక పడి బిగుసుకుంది. అమ్మ తెరను గట్టిగా పట్టుకుంది. పైన రెండు కొక్కేలు ఊడి పడ్డాయి. నాన్న మాత్రం సూదిని చూడడం లేదు. దారంలో చిక్కుకుని, ఎటూ కదలకుండా ఉన్న తన చేతుల్ని చూసుకుంటున్నాడు. కాజా పూర్తయింది. చివరి ముడి బయటికి కనబడకుండా కుట్ల అడుగుకు దూరిపోయింది. అలా ముడి దాచే పద్ధతి ఆ వీధిలో ఒక్కరికే ఉండేది.

"అయితే నేను కాదు" అన్నాడు నాన్న.

ఆ కాజాను ఇంకోసారి చూసుకున్నాడు.

"విన్నావుటే? నేను కాదట. దెయ్యమట." అమ్మ వైపు తిరిగి, పరీక్ష పాసయినట్టు చెప్పాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకుందామంటే చేతులకు చిలప. అమ్మ వచ్చి కొంగుతో తుడిచింది.

"కుట్టింది దెయ్యమైనందుకు ఇంత సంతోషించిన మనిషిని నేనెక్కడా చూడలేదు" అంది. తర్వాత పీట వైపు చూస్తూ, గొంతు మార్చి, "వాళ్లావిడ అన్నం సరిగ్గా తింటోందేమో అడగవే" అంది.

"తింటోందట. చెల్లెలు వచ్చి ఉంటోందట."

నాన్నకు అప్పుడు కోపం తెచ్చుకునే తీరిక దొరికింది. "ఏమయ్యా, మేనేజరు మోకాలికి కాజా ఏమిటి? మనిషివా, ఏమన్నానా?"

"మనిషిని కాదుగా మాస్టారూ, అంటున్నాడు" అని బొత్తాం అందించింది.

"పళ్ల డాక్టరు నన్ను ఏమన్నాడో తెలుసా? నా బుర్ర పోయిందనుకున్నాను. కత్తెర దించేద్దామనుకున్నాను."

ఈ మాట విని బాబాయి పీట మీదనుంచి లేచాడు. కళ్లు చికిలించి మాస్టారి మొహం దగ్గరికి వంగి, నిజంగానే అంటున్నాడా అని చూశాడు. ఆ తర్వాత ఆయన అన్నదాన్ని బొత్తాం వెంటనే చెప్పలేకపోయింది.

"ఏమంటున్నాడే?"

"తన వల్ల మీరు కత్తెర దించితే, ఇన్నేళ్లు కుట్టినవన్నీ ఊడదీసినట్టే అంటున్నాడు. తను వెళ్లాలట. ఎలాగో తెలీడం లేదట. ముందు మీరు రావద్దనాలట."

"దానిదేముంది" అని నాన్న పీట వైపు తిరిగాడు. "నువ్వింక రా..." ఆగాడు. "ఇంక రావ..." అమ్మ మంచినీళ్లిచ్చింది. తాగాక కూడా ఆ మాట రాలేదు. అవతల బాబాయి "వెళ్... వెళ్..." అంటూనే ఉన్నాడు. ఒకరు వెళ్తాననలేరు, ఇంకొకరు రావద్దనలేరు. ఇద్దరి మధ్యా గచ్చు మీద కూర్చున్న బొత్తాంకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అప్పుడు తట్టింది.

"చెప్పకుండా వెళ్లిపో బాబాయ్."

"చెప్పకుండానా?" బాబాయి నొచ్చుకున్నాడు. "దొంగలా? మాస్టారేమనుకుంటారు?"

"నాన్నా, బాబాయి నీకు చెప్పకుండా వెళ్లిపోతే ఏమన్నా అనుకుంటావా?"

నాన్న చాలాసేపు ఆ పీట వైపు చూశాడు. అక్కడ ఆయనకు ఎండ తప్ప ఏమీ కనబడ్డం లేదు.

"ఏమీ అనుకోను" అన్నాడు. "ఏమీ అనుకోనని చెప్పు."

చెప్పనక్కర్లేదు, బాబాయి వింటూనే ఉన్నాడు. మళ్లీ కూర్చుని, మిగిలిన చొక్కాలన్నీ ముందేసుకున్నాడు. ఎక్కడ కుట్టాలో నాన్న సుద్దతో గీతలు పెట్టాడు. బొత్తాం బాబాయి వేలు పట్టి గీత మీద పెట్టింది. ఆ వేలు కడిగిన గిన్నెలా చల్లగా ఉంది. నాన్న మిషను తొక్కుతూ, కండక్టరు చొక్కాకు కొత్త వీపు వెయ్యాలని, గుడ్డ మిగిలితే ఆయనకొక టోపీ కూడా కుట్టాలని, కొట్టు గోడలు ఈ యేడు సున్నం వేయించాలని, అటు పీటకూ ఇటు కూతురికీ కలిపి చెబుతూ పోయాడు. అంత మాట్లాడి ఎన్నాళ్లయిందో. అమ్మ మధ్యలో టీ తెచ్చింది. ఒక గ్లాసు ఎక్కువే తెచ్చి, పీట పక్కన పెట్టి, "తాగకపోయినా పట్టుకోమను, చేతులు వేడెక్కుతాయి" అంది.

పొద్దు వాలింది. బాబాయి చివరి చొక్కా మడిచి, మిగతావాటి మీద పెట్టి, అంచులు కలిశాయో లేదో వేలితో తడిమి చూశాడు. సూదిని దిండుకు గుచ్చాడు. లేచి నోరు తెరవబోయాడు. బొత్తాం పెదాల మీద వేలు పెట్టుకుంది. ఆయన నోరు మూసుకున్నాడు. అంత కష్టమైన పని ఆయన బతికుండగా కూడా చేసినట్టు లేదు, బుగ్గలు ఉబ్బిపోయాయి.

నాన్న ఇటు వీపు పెట్టి, బల్ల మీద వంగి, గీయనక్కర్లేని గీత ఒకటి సుద్దతో మెల్లగా గీస్తున్నాడు. బాబాయి ఆ వీపును చూస్తూ కాసేపు నిలబడ్డాడు. తర్వాత బొత్తాం తల మీద చెయ్యి పెట్టి, సందు తలుపు వైపు నడిచాడు. గడప మీద ఒక్క క్షణం ఆగాడు. వెనక్కి చూడకుండా దిగాడు. సందు చివర దాకా గళ్ల చొక్కా కనబడింది. ఆ తర్వాత సందు ఒక్కటే ఉంది.

"వెళ్లాడా?" అని అడిగాడు నాన్న, తల ఎత్తకుండానే.

"వెళ్లాడు."

నాన్న సుద్ద కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు. దీపం ఆర్పుతూ పీట వైపు తిరిగి "ఊఁ" అన్నాడు. మిగతా మాటను పళ్ల వెనకే పట్టి ఉంచాడు. తర్వాత సందు తలుపు దగ్గరికి వెళ్లి, ఎవరి మడమకైనా తగులుతుందేమోనన్నట్టు కొంచెంసేపు ఆగి, చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.